నిద్రలో పక్షవాతం వస్తే టైము ఎలా తెలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రాత్రి పదింటికి బాగానే పడుకున్న మనిషి, పొద్దున ఆరింటికి లేచేసరికి కుడి చెయ్యీ కాలూ పడిపోయి ఉన్నాయి. మెదడులోని రసాయనాలను స్కాన్ చేస్తే స్ట్రోక్ ఎప్పుడు మొదలైందో చెప్పొచ్చని విన్నాం. నిజమేనా?

జవాబు: నిజమే. అయితే అది అంచనా, గడియారం చూసి చెప్పే లెక్క కాదు. రక్తపు గడ్డను కరిగించే ఆల్టిప్లేజ్ ఇంజెక్షన్‌ను మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆలస్యమయ్యే కొద్దీ దానివల్ల మేలు తగ్గుతూ వస్తుంది. ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు, మనిషి చివరిసారి బాగున్నట్టు చూసిన టైమునే లెక్కలోకి తీసుకుంటారు. ఆ లెక్కన మీరు చెప్పిన మనిషికి ఎనిమిది గంటలు దాటినట్టే. కానీ గడ్డ అడ్డుపడింది ఐదున్నరకే కావచ్చు కదా! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

రక్తం అందని చోట ఆక్సిజన్ ఉండదు. గ్లూకోజ్ పూర్తిగా వినియోగం కాక లాక్టేట్‌గా మారి, నిమిషాల్లోనే పేరుకుపోతుంది. ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్, పొట్టిగా ఎన్‌ఏఏ, న్యూరాన్ల మైటోకాండ్రియాలో తయారయ్యే పదార్థం. ఇది ఒక్కసారిగా పడిపోదు, గంటల తరబడి తగ్గుతూ వస్తుంది. అందుకే రెండింటినీ కలిపి చదవాలి. లాక్టేట్ బాగా పెరిగినా ఎన్‌ఏఏ ఇంకా నిలిచి ఉంటే స్ట్రోక్ కొత్తది. ఎన్‌ఏఏ కూడా బాగా పడిపోయి ఉంటే చాలా గంటలు గడిచాయని అర్థం. కొలతను మెదడు రెండోవైపు సరిగ్గా అదే చోటుతో పోల్చాలి, ఎందుకంటే ఒక్కో భాగంలో ఎన్‌ఏఏ మామూలు స్థాయే వేరు.

ఒక మాట మరిచిపోవద్దు. పక్క రక్తనాళాల నుంచి కాస్త రక్తం అందుతున్న మనిషిలో ఎన్‌ఏఏ నెమ్మదిగా తగ్గుతుంది, అందనివారిలో త్వరగా. కాబట్టి ఇద్దరికీ మూడేసి గంటలే గడిచినా అంకెలు వేరుగా రావచ్చు. పాత స్ట్రోక్ మచ్చ ఉన్నచోట ఎన్‌ఏఏ ముందే తక్కువ. దాన్ని కొత్త దెబ్బగా లెక్కేస్తే టైము తప్పుతుంది. రక్తప్రవాహం తిరిగొస్తే లాక్టేట్ తగ్గిపోవచ్చు. కొన్ని రోజుల తర్వాత, చనిపోయిన కణజాలాన్ని శుభ్రం చేయడానికొచ్చే మాక్రోఫేజ్‌ల వల్ల అది మళ్లీ కనిపించవచ్చు కూడా.

ప్రశ్న: నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని. స్పెక్ట్రోస్కోపీలో (మెదడు రసాయనాలను కొలిచే ఎమ్మారై స్కాన్‌లో) లాక్టేట్ పీక్, అంటే గ్రాఫ్‌లో దాని శిఖరం, ఒక్కోసారి స్పష్టంగా రాదు, ఒక్కోసారి మరీ పెద్దగా వస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: ముందు పెద్దగా వచ్చేదాన్ని అనుమానించండి. లాక్టేట్ గ్రాఫ్ అడ్డగీత మీద 1.33 పీపీఎమ్ (ఆ గీత కొలమానం) దగ్గర జంట పీక్‌గా వస్తుంది. నెత్తిచర్మం కింది కొవ్వు సిగ్నల్ కూడా 0.9 నుంచి 1.3 దాకా పరుచుకుని సరిగ్గా దాని మీదే పడుతుంది. వాక్సెల్‌ను (కొలత తీసే చిన్న పెట్టెలాంటి భాగాన్ని) పుర్రె అంచుకు దూరంగా జరపండి, చుట్టూ శాచురేషన్ బ్యాండ్లు (బయటి సిగ్నల్‌ను అణిచే పట్టీలు) వేయండి. టీఈ (పల్సు తర్వాత సిగ్నల్ తీసేదాకా ఆగే టైము) 144 మిల్లీసెకన్లు పెడితే లాక్టేట్ తలకిందులవుతుంది, 288 పెడితే మళ్లీ నిటారుగా నిలబడుతుంది. కొవ్వు అలా తిరగబడదు. అందుకే 144 దగ్గర కిందికి దిగిన జంట కనిపిస్తే అది లాక్టేటేనని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక కనిపించని లాక్టేట్ సంగతి. 3 టెస్లా అయస్కాంత బలమున్న మెషీన్‌లో ప్రెస్ అనే స్కాన్ సీక్వెన్స్ వాడితే, పల్సుల బ్యాండ్‌విడ్త్ చాలక 144 దగ్గర పైకీ కిందికీ వచ్చే సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పీక్ చిన్నదైపోతుంది. అవకాశముంటే సెమీ-లేజర్ అనే మరో సీక్వెన్స్ వాడండి, లేదా 288 దగ్గర మరోసారి తీసి సరిచూడండి. షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమానంగా సర్దడం) సరిగా కాకపోతే పీక్‌లు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. సైనస్‌ల దగ్గర ఈ బెడద ఎక్కువ. రెండు సెంటీమీటర్ల ఘనంలో టీఆర్ (ఒక సేకరణకీ మరోదానికీ మధ్య టైము) 2000 మిల్లీసెకన్లతో 128 సార్లు సేకరించడానికి నాలుగు నిమిషాల పైనే పడుతుంది. ఆ కాసేపట్లో రోగి తల కదిపినా అంతా పాడవుతుంది కనుక మెత్తలు బిగించాకే మొదలుపెట్టండి. నీటి సిగ్నల్‌ను అణచకుండా తీసి, ఆ నీటి సిగ్నల్‌తోనే దోషాలు దిద్దుకునే వేగవంతమైన పద్ధతి ఒకటి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. పేరు స్పైస్. దానితో చిన్న వాక్సెళ్లతో మెదడు మొత్తం మ్యాప్ కొద్ది నిమిషాల్లో వస్తుంది.

అత్యవసర కేసులో వరుస మాత్రం మార్చకండి. ముందు డిఫ్యూజన్ (దెబ్బతిన్న చోటును త్వరగా చూపే ఎమ్మారై), ఫ్లెయిర్ (అదే చోటును ఆలస్యంగా చూపేది), రక్తస్రావం చూసే సీక్వెన్స్, తర్వాత రక్తనాళాలు. స్పెక్ట్రోస్కోపీ చికిత్సను ఒక్క నిమిషం ఆలస్యం చేసేటట్టున్నా వదిలేయండి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని అంచనా.

ప్రశ్న: ఈ స్పెక్ట్రోస్కోపీ స్కాన్ అందుబాటులో లేకపోతే టైము తెలియనట్టేనా?

జవాబు: కాదు. డిఫ్యూజన్‌లో తెల్లగా మెరిసిన చోటు ఫ్లెయిర్‌లో ఇంకా కనిపించకపోతే, స్ట్రోక్ బహుశా నాలుగున్నర గంటల్లోపుదే. ఈ ఆధారంతోనే మందు ఇవ్వొచ్చని 2018లో వెలువడిన వేకప్ ట్రయల్ చూపించింది. అదే ఏడాది వచ్చిన డాన్ ట్రయల్ ప్రకారం, పెద్ద నాళంలోని గడ్డను ట్యూబ్‌తో తీసే చికిత్స తగిన రోగుల్లో 24 గంటల దాకా పనికొస్తుంది. లాక్టేట్, ఎన్‌ఏఏ లాంటి రసాయనాల (మెటబొలైట్ల) మ్యాప్‌లు వీటి పక్కన నిలబడాల్సినవి, ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే ఉన్నాయి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మధ్యరాత్రి బాత్‌రూమ్‌కి లేచి మామూలుగా నడిచాడా? మూడింటికి ఎవరితోనైనా మాట్లాడాడా? ఫోన్‌లో ఆఖరి కాల్, ఆఖరి మెసేజ్ ఎప్పటివి? మూడింటికి స్పష్టంగా మాట్లాడాడని తేలితే లెక్క పదింటి నుంచి కాదు, మూడింటి నుంచి మొదలవుతుంది. ఈ వివరాలు కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి ముందే చూపించండి.