మనమా, మేమా?

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, ఇంగ్లీషులోంచి నువ్వు తెలుగు చేసిన కథా అందాయి. కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గీతలు కాస్త ఎక్కువే పడ్డాయి, కంగారు పడకు.

నిన్ను తమ్ముడూ అనేముందు ఓ క్షణం ఆగాను. నీ వయసు నువ్వు రాయలేదు. ఉత్తరం తీరు చూసి చిన్నవాడివే అయి ఉంటావనుకున్నాను. ఇంగ్లీషులో రాస్తుంటే ఈ ఊహతో పని ఉండేది కాదు, 'బ్రదర్' అనేసి ముందుకు పోయేదాన్ని. తెలుగులో తోడబుట్టినవాళ్ళ పేరెత్తాలంటే ముందు ఎవరు పెద్దో తేలాలి. నీ కథలో నువ్వు ఆ బెడద తప్పించుకోవడానికి అంతటా 'సోదరి' అని రాసేశావు. ఇంట్లో ఎవరూ ఎవరినీ సోదరీ అనరు, అది మైకు ముందు మాట. మూడో పేజీలో ఆమె ఆ కుర్రాడి బూటు లేసు కడుతుంది. ఆరో పేజీలో వాడి తప్పు తన మీద వేసుకుంటుంది. అక్క అని రాయడానికి ఇంకేం ఆధారం కావాలి? ఏ ఆధారమూ దొరకని కథలూ ఉంటాయి. అప్పుడు నువ్వే ఏదో ఒకటి అనుకుని చివరిదాకా దానికి కట్టుబడి ఉండు.

కష్టమైన మాటలకు తెలుగు ఎలా వెతకాలని అడిగావు. కష్టమైన మాటలతో నిజానికి అంత కష్టం లేదు. 'ఫోటోసింథసిస్' అంటే కిరణజన్య సంయోగక్రియ, అక్కడితో సరి. పెద్ద మాటలకు ఒకే పని ఉంటుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనివి 'వి', 'హ్యావ్', 'బ్రేక్' లాంటివి, మాటలు నేర్చే పిల్లలకు కూడా వచ్చినవి.

'బ్రేక్' సంగతే చూడు. ఇంగ్లీషులో కర్ర, అద్దం, తాడు మూడింటికీ ఆ ఒక్క క్రియ సరిపోతుంది. మనకు కర్ర విరుగుతుంది, అద్దం పగులుతుంది, తాడు తెగుతుంది. వస్తువు ఎలాంటిదో, ఎలా పోయిందో తెలిస్తేనే క్రియ నోట్లోకి వస్తుంది. ఇక్కడిదాకా నువ్వు బాగానే నెట్టుకొచ్చావు. 'హార్ట్' దగ్గర కాలు జారింది. 'ఆమె హృదయం విరిగింది' అని రాశావు. మనకు గుండె పగులుతుంది, మనసు విరుగుతుంది. రెండూ వేరు. గుండె పగిలిన మనిషి ఏడుస్తుంది. మనసు విరిగిన మనిషి ఏడవదు, మళ్ళీ ఆ గడప తొక్కదంతే. నీ కథలో ఆమె మర్నాడు ఏం చేసింది? ఉత్తరాలు చింపలేదు, ఎవరికీ చెప్పుకోలేదు, తల దువ్వుకుని పనికి వెళ్ళింది. అతని ఫోను మాత్రం తియ్యలేదు. అది మనసు విరగడం. ఆ రచయిత్రి ఒక్క మాటతో గడిపేసిన చోట నువ్వు రెండింట్లో ఒకటి ఏరుకోవాలి, ఏరుకోవాలంటే మర్నాటి సంగతి చదివి వెనక్కి రావాలి. కథంతా చదవకుండా మొదటి వాక్యం మొదలుపెట్టకు అనేది ఇందుకే. నువ్వు చదువుతూ చదువుతూ అనువదిస్తూ పోయావు, తెలిసిపోతోంది.

'అతను ఇద్దరు కూతుళ్ళను కలిగి ఉన్నాడు' దగ్గర నవ్వాను, ఏమీ అనుకోకు. మనకు 'హ్యావ్' అనే క్రియ లేదు, లేదని ఎప్పుడూ బాధపడలేదు కూడా. కూతుళ్ళు అతనికి ఉంటారు, డబ్బు అతని దగ్గర ఉంటుంది, లోపం అతనిలో ఉంటుంది. కూతుళ్ళను డబ్బులా దగ్గర పెట్టుకోలేమని మన విభక్తులకు తెలుసు. అలాగే 'నేను ఆకలిగా ఉన్నాను'. తెలుగులో ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, నిద్ర పడుతుంది. మనిషి వీటిని చెయ్యడు, అవే వచ్చి అతనికి తగులుతాయి. వ్యాకరణమే ఇంత వేదాంతం చెబుతుంటే మనం కొత్తది అరువు తేవడం దేనికి? ఇంకో చిన్న సంగతి. మొదటి పేజీలోనే పదిహేడు చోట్ల 'ఒక' ఉంది. ఇంగ్లీషు 'ఎ' కనిపించిన ప్రతిచోటా మనం 'ఒక' పెట్టనక్కర్లేదు. 'మరియు' కూడా అంతే. అమ్మా నాన్నా అంటే చాలు, ఆ దీర్ఘాలే ఇద్దరినీ కలుపుతాయి.

నీ కథలో ఆమెకూ అతనికీ మధ్య 'నువ్వు' మొదటి పేజీ నుంచే మొదలైంది. ఎవరో తెలియని మనిషిని బస్సులో నువ్వు అంటుందా ఆమె? ఇంగ్లీషు 'యు'కి చనువుతో సంబంధం లేదు, కాబట్టి రచయిత్రికి ఆ లెక్క పట్టలేదు. ఫ్రెంచివాళ్ళకు 'తు', 'వు' ఉన్నాయి, జర్మన్లకు 'దు', 'జీ' ఉన్నాయి. మీరులోంచి నువ్వులోకి దిగడానికి వాళ్ళకు ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది, ఫ్రెంచిలో 'త్యుత్వాయే', జర్మన్‌లో 'దుత్సెన్'. మనం ఏకవచనంలోకి దిగడం అంటాం. ఆ దిగడం ఏ పేజీలో జరిగిందో నువ్వే కనిపెట్టాలి. నా ఉద్దేశంలో వానలో ఒకే గొడుగు కింద నడిచిన రాత్రి ఆమె దిగింది. అతను ఇంకో పది పేజీల దాకా మీరు అంటూనే ఉంటాడు. అలా రాసి చూడు, రచయిత్రి చెప్పని సంగతి ఒకటి తెలుగులో బయటపడుతుంది. ఇది మోసం కదా అంటావేమో. నువ్వు అని రాసినా, మీరు అని రాసినా ఏదో ఒకటి చెప్పేసినట్టే, ఊరుకునే వీలు తెలుగు ఇవ్వదు. చెప్పక తప్పనప్పుడు ఆలోచించి చెప్పడం నయం. 'హి' కనిపించినప్పుడల్లా వాడా, అతనా, ఆయనా అని తేల్చుకునేటప్పుడూ ఇదే తంతు.

తర్వాత హిందీ కథ చేస్తానన్నావు. సగం మాటలు మనవే కాబట్టి సులువన్నావు. ముంచేది ఆ సగమే. హిందీలో 'విచార్' అంటే ఆలోచన, మన విచారం దిగులు. హిందీ 'ఆలోచనా' విమర్శ. 'శిక్షా' చదువు (బడిపిల్లలు ఇది పెద్ద తేడా కాదంటారు). 'ఉపన్యాస్' నవల, 'అవకాశ్' సెలవు, 'వ్యవసాయ్' వ్యాపారమో వృత్తో. తమిళంలో, కన్నడంలో 'అవసర' మంటే తొందర. అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే, కానీ ఒక్కో ఇంట ఒక్కోలా పెరిగాయి. పరాయి మాట ఎదురైతే నిఘంటువు తీస్తాం. ఇవి మన మొహంతో వస్తాయి కాబట్టి తియ్యం, అందుకే దొరికిపోతాం.

నేను ఇంతకంటే చిన్నదాని దగ్గర దొరికిపోయాను. మొదట్లో నేను చేసిన ఒక హిందీ నవలలో ఒక మనిషి రాక గురించి ఇద్దరు మాట్లాడుకుంటారు. 'ఎప్పుడు?' అంటుంది ఒకామె. 'కల్' అంటాడు రెండో మనిషి. అంతే. హిందీలో నిన్నకూ రేపుకూ అదే మాట, ఏదన్నది క్రియను బట్టి తెలుస్తుంది. ఇక్కడ క్రియ లేదు. నేను ధీమాగా 'రేపు' అని రాశాను. పుస్తకం అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు రాశాడు: రేపు వస్తాడన్న మనిషి చివరిదాకా రాలేదేమిటండీ అని. ఆ మనిషి నిన్ననే వచ్చి వెళ్ళాడు! నలభై పేజీల తర్వాత ఒక వాక్యంలో ఆ సంగతి ఉంది, నేనే అనువదించాను కూడా, అయినా నా బుర్రకు తట్టలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

తెలుగులోంచి బయటికి వెళ్ళేటప్పుడు బాధ ఇంకో రకం. 'అలక'ను ఇంగ్లీషులో 'సల్క్' అంటే మనిషి చిన్నబోతుంది. అలిగిన మనిషి బతిమాలించుకోవడానికి ఎదురుచూస్తుంటుంది, ఆ హక్కు ఉన్నవాళ్ళ దగ్గరే అలుగుతుంది. హిందీకి 'రూఠ్నా' ఉంది, దానికి జంటగా 'మనానా' కూడా ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. 'మొహమాటం' మరీ గడుసుది. జపనీయుల 'ఎన్ర్యో' దానికి కాస్త దగ్గరి చుట్టం, ఇంగ్లీషులో మాత్రం నాకు సరైనది దొరకలేదు. కాబట్టి మాటను వదిలేస్తాను. మొహమాటం వల్ల ఆ మనిషి ఏం చేశాడు? కావాలని ఉండి వద్దన్నాడు. అదే రాస్తాను. పక్కన పెట్టిన మాట పనిలో కనిపిస్తే చాలు.

మాటకు మాట సరిగ్గా పడి కూడా అర్థం చెడిన సందర్భాలున్నాయి. 1956 నవంబరులో మాస్కోలో పాశ్చాత్య రాయబారుల ముందు సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఒక మాటన్నాడు. దుబాసీ విక్టర్ సుఖోద్రేవ్ దాన్ని ఉన్నదున్నట్టు 'మిమ్మల్ని పాతిపెడతాం' అని ఇంగ్లీషులో చెప్పాడు. పదాల్లో తప్పు పట్టడానికేమీ లేదు. రష్యన్‌లో ఆ మాటకు 'మీ తర్వాత కూడా మేం ఉంటాం, మిమ్మల్ని సాగనంపేది మేమే' అనే ధ్వని ఉంది. ఇంగ్లీషులో అది చంపుతామన్న బెదిరింపుగా వినపడింది. క్రుశ్చేవ్ తర్వాత వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నీ కథలో తల్లి కొడుకుతో 'దయచేసి తలుపు మూయుము' అంటుంది చూశావా, అదీ ఈ కోవదే. 'ప్లీజ్' అంటే దయచేసి అని నిఘంటువు చెప్పింది నిజమే. కానీ ఆ పని మనకు 'కాస్త' చేస్తుంది, 'అండి' చేస్తుంది, చివర ఎత్తి పలికే ప్రశ్న చేస్తుంది. 'తలుపు కాస్త వేస్తావా?' అంటే చాలు. కూతురు తండ్రికి ధన్యవాదాలు చెప్పే చోట 'థాంక్స్ నాన్నా' అని రాయి. థాంక్స్ ఇప్పుడు తెలుగు మాటే, సిగ్గుపడకు.

నిఘంటువుల గురించి రెండు ముక్కలు. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు పాతదని పక్కన పెట్టకు, జనం నోట్లో నలిగే పలుకుబళ్ళను ఆయన శ్రద్ధగా ఎక్కించాడు. ఈ కాలపు వాడుకకు 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు చూడు. కథలో నాగలి వచ్చిన చోట 'పిడి' అన్నావు, దాన్ని మేడి అంటారు. ఇలాంటివాటికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం ఉంది, అంతా వ్యవసాయ పదాలే. అది దొరక్కపోతే ఆ పని చేసేవాళ్ళను అడుగు. నిఘంటువు కన్నా వాళ్ళు త్వరగా చెబుతారు.

ఇక నీ కథ చివరి వాక్యం. అతను తలుపు దగ్గర నిలబడి 'వి షుడ్ గో' అంటాడు. వెనక అతని స్నేహితులున్నారు, ఎదురుగా ఆమె ఉంది. నువ్వు 'మేము వెళ్ళాలి' అని రాశావు. అంటే ఆమెను వదిలేసి వెళ్తున్నాడు, కథ అక్కడితో ముగిసింది. 'మనం వెళ్ళాలి' అని ఉంటే ఆమెను తీసుకుపోతున్నాడు, కథ అక్కడ మొదలైంది. తమిళంలో అయితే 'నాంగళ్', 'నామ్' అని వాళ్ళకూ ఇదే ఇరకాటం. ఇంగ్లీషు పాఠకుడికి ఇది తెలియదు, నాకు తోచినంతలో ఆమెకూ తెలియదు, ఆ తెలియకపోవడం మీదే కథ నిలబడింది. దాన్ని నువ్వు రెండక్షరాలతో తేల్చేశావు.

తెలుగులో ఒక కిటికీ ఉంది. 'వెళ్ళాలి' అనే రూపానికి పురుష లేదు. నేను వెళ్ళాలి, మీరు వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి, అన్నిటికీ అదే. సర్వనామం తీసేసి 'ఇక వెళ్ళాలి' అంటే ఎవరు వెళ్ళాలో తేలదు. 'వెళ్దాం' అన్నావో మళ్ళీ ఇరుక్కుంటావు, అందులో మనం దాగి ఉంది. ఇంకో చిక్కు లేకపోలేదు. కర్త లేకపోతే 'నేను' అని కూడా వినిపించవచ్చు, అప్పుడు స్నేహితులు మాయమవుతారు. వాళ్ళలో ఒకడు బయటి నుంచి అతన్ని పిలిచినట్టు ముందు వాక్యంలోనే ఉంది కాబట్టి పరవాలేదనుకుంటున్నాను, పూర్తి నమ్మకం లేదు.

రచయిత్రి చిరునామా సంపాదించానన్నావుగా, రాసి అడుగు. ఈ ప్రశ్న ఆమెకు ఎప్పుడూ ఎదురై ఉండదు, కాబట్టి మన భాషలో 'వి' రెండని ముందు వివరించు. ప్రస్తుతానికి నీ ప్రతిలో 'మేము' కొట్టేసి, 'ఇక వెళ్ళాలి' అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఆమె జవాబు వచ్చాక ఆ ప్రశ్నార్థకాన్ని ఏం చేశావో నాకు రాయి.

అక్క