ఇంట్లో మాటలు బయటికి పోతుంటే ముందు ఏం చూడాలి?

ఇంట్లో తలుపులేసుకుని మాట్లాడుకున్న పొలం బేరం మర్నాటికల్లా ఎదుటివాళ్లకు తెలిసిపోతోంది, ఎవరైనా ఏదైనా పెట్టారా అని అడిగారు. మాకూ ఇలాగే జరిగిందండి.

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. రెండేళ్ల కిందట రొయ్యల పట్టుబడికి ముందు రోజు నేనూ మా తమ్ముడూ గట్టు మీద షెడ్డులో కూర్చుని, 40 కౌంటుకు, అంటే కిలోకు 40 తూగే రొయ్యలకు, రేటు ఎంత వరకు దిగొచ్చో అనుకున్నాం. తెల్లారి బయ్యరు సరిగ్గా ఆ రేటు దగ్గరే బిగుసుకున్నాడు. తర్వాతి పంటకూ అంతే. తమ్ముడినే అనుమానించాను. ఆ బాధ ఇంకా పోలేదు.

బయటపడింది షెడ్డులో మా పాత రేడియో వల్ల. ఫోన్లు రెండూ ఇంటి దగ్గరున్నాయి, అయినా రేడియోలో 'టిర్ర్ టిర్ర్' అని చప్పుడు. 2జీ ఫోను పక్కనుంటే స్పీకరులో వచ్చే గోల అది. రేడియో పట్టుకుని గదంతా తిరిగితే ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర ఎక్కువైంది. ఆ బాక్సు మేం కొన్నది కాదు. ప్లగ్గు తీసి మరలు విప్పితే లోపల చిన్న మైకు, సిమ్ కార్డు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే రింగవకుండా దానంతటదే ఎత్తుతుందట. కరెంటు మనదే కాబట్టి ఛార్జింగ్ బెంగే లేదు.

కోపంలో సిమ్ పీకి కాలవలో పారేయబోయాను. తమ్ముడే చెయ్యి పట్టుకుని ఆపాడు. అది ఎవరి పేరు మీదుందో పోలీసులు తీయించగలరు, మనకున్న సాక్ష్యం అదొక్కటే. మీకేదైనా దొరికితే దాని ముందు ఒక్క మాట మాట్లాడకండి. ఫొటోలు తీసి, బయటికొచ్చి, స్టేషన్‌కు వెళ్లండి. 'ఇంటి గొడవ' అని తీసిపారేస్తే వినొద్దు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు.

అయితే ప్లగ్గులు విప్పే ముందు మీ ఫోను చూసుకోండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి, మీది కాని కంప్యూటరు ఏదైనా ఉంటే లాగవుట్ చేయండి. మైక్రోఫోన్ పర్మిషన్ ఏ యాప్‌లకు ఉందో సెట్టింగ్స్‌లో చూడండి. రీఛార్జి చేసిపెట్టమని ఫోను లాక్ తీసి ఎవరి చేతికో ఇచ్చే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. దయచేసి మానేయండి, మీ వాట్సాప్‌ను వేరే కంప్యూటరుకు లింక్ చేయడానికి, మాటలు వినే యాప్ పెట్టడానికి కాసేపు చాలు.

మా బాక్సు స్టేషన్‌లోనే ఉంది. కొత్తది తమ్ముడే తెచ్చాడు, మరలు విప్పి ఇద్దరం లోపల చూశాకే ప్లగ్గు పెట్టాం.