మొదటి వెబ్‌క్యామ్‌ను కాఫీ కోసం పెట్టారంటారు, నిజమేనా?

నిజమే. 1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో జరిగింది. ట్రోజన్ రూమ్ అనే గది బయట ఉన్న కాఫీ పాట్ ఒక్కటే, తాగేవాళ్లేమో వేరే అంతస్తుల్లో కూడా ఉండేవాళ్లు. పని ఆపుకుని మెట్లు దిగి వెళ్తే పాట్ ఖాళీ! ఒళ్లు మండదా మరి?

ల్యాబ్‌లోనే పనిచేసే క్వెంటిన్ స్టాఫోర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్‌కీ కలిసి పాట్‌కి ఎదురుగా ఒక కెమెరా బిగించి, ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు చూసుకునేలా ప్రోగ్రామ్ రాశారు. కనిపించేది 128×128 పిక్సెళ్ల బూడిదరంగు బొమ్మ, అదీ నిమిషానికి సుమారు మూడుసార్లే మారేది. పాట్‌లో ఎంత మిగిలిందో తెలియడానికి అంతకన్నా ఏం కావాలి?

కచ్చితంగా చెప్పాలంటే, అప్పటికి అది ల్యాబ్ నెట్‌వర్క్ దాటలేదు. 1993 నవంబర్‌లో వెబ్‌లో పెట్టాకే అసలు తమాషా మొదలైంది. ఆ కాఫీ చుక్క కూడా దొరకని లక్షలమంది పనిగట్టుకుని చూశారు. రాత్రిపూట అక్కడ లైటు ఆర్పొద్దని దూరదేశాల నుంచి ఈమెయిళ్లు కూడా వచ్చాయి.

ల్యాబ్ వేరే భవనానికి మారడంతో 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేశారు. ఆ పాత క్రప్స్ కంపెనీ పాట్‌ని ఈబే వేలంలో జర్మనీకి చెందిన వార్తల సైట్ ష్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు కొనుక్కుంది.