పాఠకుల ప్రశ్నలు: ఊరి అప్పు, బడి నిధులు, పైనుంచి వచ్చే అధికారి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో అప్పుల పాలైన నగరాలకూ, బడుల యంత్రాంగానికీ రాష్ట్ర ప్రభుత్వమే ‘ఎమర్జెన్సీ మేనేజర్ల’ను నియమించిన తీరుపై గత సంచికలో ఒక పరిచయ వ్యాసం వచ్చింది. దానిపై అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం): మా అబ్బాయి డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఎన్నికైన మేయరును పక్కన కూర్చోబెట్టి రాష్ట్రం తన మనిషి చేత పాలన చేయించిందంటే నమ్మబుద్ధి కాలేదు. ఇది మన ప్రత్యేకాధికారుల పాలన లాంటిదేనా?

జవాబు: పైకి ఒకేలా కనిపించినా రెండింటికీ మూలం వేరు. మన దగ్గర ప్రత్యేకాధికారి వచ్చేది సాధారణంగా పాలకవర్గం గడువు తీరిపోయి, ఎన్నికలు జరగని సందర్భంలో, అంటే ఖాళీ అయిన కుర్చీలోకి. మిషిగన్‌లో మేనేజరు వచ్చింది ప్రజలు ఓటేసి గెలిపించిన మేయరూ, కౌన్సిలూ పదవిలో ఉండగానే. వాళ్ల పదవులు కాగితం మీద అలాగే ఉండేవి గాని, సంతకం చేసే అధికారం మాత్రం మేనేజరుకు వెళ్లిపోయేది.

1990 నాటి చట్టం ప్రకారం ఆ అధికారి అదుపు ప్రధానంగా జమాఖర్చులకే పరిమితమై ఉండేది. 2011లో గవర్నర్ రిక్ స్నైడర్ సంతకం చేసిన నాలుగో నంబరు చట్టం ఆ హద్దును చెరిపేసింది. ఉద్యోగ సంఘాలతో కుదిరిన ఒప్పందాలను మార్చడం లేదా రద్దు చేయడం, ఆస్తులు అమ్మడం, ఎన్నికైనవాళ్లు చేసే పనులన్నీ తానే చేయడం వరకూ అధికారాలు ఇచ్చింది. ఆ చట్టంపై 2012 నవంబరులో రాష్ట్రమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, ఓటర్లు దాన్ని తిరస్కరించారు. రెండు నెలలు తిరక్కముందే శాసనసభ దాదాపు అవే అధికారాలతో 436వ నంబరు చట్టం తెచ్చింది. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం నిధులు కేటాయించే చట్టాలను ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టడానికి వీల్లేదు కాబట్టి, అందులో కొంత నిధుల కేటాయింపును కూడా చేర్చారు. (ఇటువంటి తెలివితేటలకు మన చట్టసభల్లోనూ కొదవలేదు గనుక పాఠకులు పెద్దగా ఆశ్చర్యపోనక్కర్లేదు.) కొత్త చట్టంలో కొంత సడలింపు ఉన్న మాట నిజమే. మేనేజరును అంగీకరించడం, రాష్ట్రంతో ఒప్పందం చేసుకోవడం, తటస్థ మధ్యవర్తిని ఆశ్రయించడం, దివాలా కోర్టుకు వెళ్లడం అనే నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకునే వీలు ఊరికి ఇచ్చారు. పద్దెనిమిది నెలలు గడిచాక మూడింట రెండు వంతుల మెజారిటీతో మేనేజరును సాగనంపే హక్కు కౌన్సిలుకు దక్కింది.

మీ అబ్బాయి ఉంటున్న ప్రాంతం గురించి ఒక సంగతి చెప్పాలి. 1950లో డెట్రాయిట్ జనాభా సుమారు పద్దెనిమిదిన్నర లక్షలు. 2010 నాటికి అది ఏడు లక్షల పైచిలుకుకు పడిపోయింది. కార్ల పరిశ్రమ తరలిపోయింది, స్థోమత ఉన్నవాళ్లు, ముఖ్యంగా తెల్లవాళ్లు, శివార్లకు వెళ్లిపోయారు. రోడ్లు, నీటి గొట్టాలు, పాత ఉద్యోగుల పింఛన్లు మాత్రం పెద్ద ఊరికి తగ్గట్టే మిగిలాయి. 2013లో డెట్రాయిట్‌కు కూడా మేనేజరు వచ్చేసరికి ఆ రాష్ట్రంలోని నల్లజాతీయుల్లో దాదాపు సగం మంది తాము ఎన్నుకోని వ్యక్తి పాలన కిందికి వచ్చారు. ఈ వ్యవస్థపై అక్కడ అంత ఆగ్రహం రేగడానికి లెక్కల కంటే ఇదే పెద్ద కారణం.

ప్రశ్న (బీకాం విద్యార్థి, ప్రొద్దుటూరు): రాజకీయాలు పక్కన పెడితే, మేనేజరు వచ్చాక అప్పులు తీరాయా, లేదా?

జవాబు: డెట్రాయిట్‌లో కెవిన్ ఓర్ అనే న్యాయవాదిని 2013 మార్చిలో నియమించారు. ఆయన అదే ఏడాది జూలైలో నగరాన్ని దివాలా కోర్టుకు తీసుకెళ్లారు. సుమారు 18 వందల కోట్ల డాలర్ల బాకీలతో అమెరికా నగరాల చరిత్రలో అదే అతిపెద్ద దివాలా. దాతృత్వ సంస్థలు, రాష్ట్రం కలిసి డబ్బు సమకూర్చడంతో నగర మ్యూజియంలోని చిత్రాలు వేలం కాకుండా నిలిచాయి, పింఛన్ల కోత కొంత తగ్గింది. 2014 డిసెంబరులో నగరం దివాలా నుంచి బయటపడింది. కాబట్టి లెక్కల వరకూ చూస్తే మేలు జరిగిందనే చెప్పాలి.

అయితే ఆ ఒక్క ఊరినే చూసి తీర్పు ఇవ్వడం సరికాదు. అదే రాష్ట్రంలోని ఫ్లింట్ సుమారు లక్ష జనాభా ఉన్న ఊరు. 2014 ఏప్రిల్‌లో, మేనేజర్ల పాలనలోనే, ఖర్చు తగ్గించుకోవడానికని డెట్రాయిట్ నుంచి వచ్చే నీటిని మాన్పించి ఫ్లింట్ నది నీటిని పంపిణీ చేశారు. గొట్టాలు తుప్పు పట్టకుండా కలపవలసిన రసాయనాన్ని కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం ఇళ్ల కుళాయిల్లోకి దిగింది. ఆ అక్టోబరులోనే అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ల కర్మాగారం ఆ నీటికి తమ యంత్ర భాగాలు తుప్పు పడుతున్నాయని చెప్పి వేరే నీటికి మారిపోయింది. జనం మాత్రం ఇంకో ఏడాది అవే నీళ్లు తాగారు. 2015 మార్చిలో నగర కౌన్సిల్ 7–1 ఓట్లతో డెట్రాయిట్ నీటికి తిరిగి వెళ్దామని తీర్మానించింది. మేనేజరు దాన్ని తోసిపుచ్చారు. ఆ తీర్మానం చేసిన ఏడుగురికీ మళ్లీ జనం ముందు నిలబడవలసిన అవసరం ఉంది. తోసిపుచ్చిన వ్యక్తికి లేదు. ఆదా కోసం చేసిన ఆ పని చివరికి 60 కోట్ల డాలర్లకు పైబడిన నష్టపరిహార ఒప్పందం దాకా తెచ్చింది. మీరు బీకాం చదువుతున్నారు కాబట్టి, ఆ ఏడాది మిగులుగా రాసుకున్న మొత్తాన్ని ఏ ఖాతాలో చూపాలో మీరే ఆలోచించండి.

ప్రశ్న (ఉపాధ్యాయిని, కడప): ఊరి అప్పుకూ బడికీ ఏమిటి సంబంధం? వ్యాసంలో రెండింటినీ కలిపి రాశారు. బడి నిధులు వేరుగా ఉండవా?

జవాబు: వేరుగానే ఉంటాయి. మిషిగన్‌లో బడులను పురపాలక సంఘం నడపదు; ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అనే విడి సంస్థ నడుపుతుంది. దానికి విడిగా ఎన్నికైన బోర్డు, విడి పన్ను, విడి అప్పు ఉంటాయి. ఆ సంస్థలు కూడా అప్పుల్లో పడ్డాయి కాబట్టి వాటికీ మేనేజర్లను పంపారు. ఫ్లింట్‌లో నీళ్లు మార్చిన కాలంలో మేనేజరుగా ఉన్న డార్నెల్ ఎర్లీనే 2015 జనవరిలో డెట్రాయిట్ బడులకు మేనేజరుగా వేశారంటే, ఆ వ్యవస్థ వ్యక్తులను ఏ కొలతతో ఎంచుకునేదో అర్థమవుతుంది.

అసలు చిక్కు నిధుల సూత్రంలో ఉంది. 1994 దాకా అక్కడి బడులు ప్రధానంగా స్థానిక ఆస్తి పన్ను మీద నడిచేవి. ధనవంతుల ఊళ్లో బడికి డబ్బు, పేద ఊళ్లో లేమి. ఆ ఏడాది ఓటర్లు ఆమోదించిన ‘ప్రపోజల్ ఎ’ ఆ భారాన్ని చాలావరకు రాష్ట్రం మీదికి మార్చింది. అమ్మకపు పన్నును 4 శాతం నుంచి 6 శాతానికి పెంచి, ఒక్కో విద్యార్థికి ఇంత అని బడికి చెల్లించడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే, పేద ఊళ్లకు మొదట్లో మేలే జరిగింది. కానీ డబ్బు పిల్లవాడి వెంట నడుస్తుంది. పిల్లవాడు పక్క ఊరి బడికో, ప్రభుత్వ నిధులతోనే విడి యాజమాన్యం నడిపే చార్టర్ బడికో మారితే అతని పేరు మీది మొత్తం కూడా అక్కడికే పోతుంది.

మీ తరగతినే తీసుకుని చూడండి. నలభై మందిలో ఐదుగురు మానేస్తే ఐదుగురి నిధులు పోతాయి. మీ జీతంలో ఎనిమిదో వంతు తగ్గదు, గది అద్దెలో తగ్గదు, కరెంటు బిల్లులో తగ్గదు. అదనంగా చలి దేశంలో గదిని వెచ్చగా ఉంచే ఖర్చొకటి. లోటు పూడ్చడానికి ఒక బడి మూస్తారు. దూరం పెరిగి మరికొందరు పిల్లలు మానేస్తారు, నిధులు ఇంకా తగ్గుతాయి. మేనేజరు చేతిలో ఉన్నది ఖర్చు కోసే అధికారమే. వెళ్లిపోయిన పిల్లలను వెనక్కి తెచ్చే మార్గం అతని దగ్గర లేదు. నా దృష్టిలో ఈ వ్యవస్థ విఫలమైంది ఇక్కడే. నిధుల సూత్రాన్ని రాసినదీ రాష్ట్రమే, ఆ సూత్రం వల్ల వచ్చిన లోటుకు స్థానిక బోర్డును తప్పుపట్టి పక్కన పెట్టినదీ రాష్ట్రమే.

డెట్రాయిట్ బడుల కథ దీనికి రుజువు. 1999లో రాష్ట్రం ఎన్నికైన బోర్డును తొలగించే నాటికి ఆ సంస్థ ఖాతాలో మిగులు ఉంది. 2005లో బోర్డు తిరిగి వచ్చేసరికి పెద్ద లోటు ఉంది. 2009 నుంచి మళ్లీ వరుసగా మేనేజర్లు వచ్చారు. 2016 జనవరిలో ఉపాధ్యాయులు మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టడంతో ఒక్క రోజే 80కి పైగా బడులు మూతపడ్డాయి. గోడ మీద మొలిచిన పుట్టగొడుగులను, ఉబ్బి లేచిన వ్యాయామశాల చెక్క నేలను వాళ్లు ఫొటోలు తీసి లోకానికి చూపించారు. చివరికి ఆ ఏడాది శాసనసభ 61.7 కోట్ల డాలర్లతో కొత్త సంస్థను ఏర్పాటు చేసి బడులను దానికి అప్పగించింది. పాత సంస్థ పన్ను వసూలు చేసి బాకీ తీర్చడానికి మాత్రమే మిగిలింది. మస్కీగన్ హైట్స్ అనే చిన్న ఊళ్లో మేనేజరు 2012లో బడులన్నింటినీ లాభాపేక్ష గల ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే, ఆ కంపెనీ రెండేళ్లకే తప్పుకుంది.

మన దగ్గర ఇంత తీవ్రత లేకపోవడానికి ఒక కారణం ప్రభుత్వ బడి ఉపాధ్యాయుల జీతాలు 010 పద్దు కింద నేరుగా ఖజానా నుంచి రావడం. అయినా పిల్లల సంఖ్య తగ్గితే పోస్టులు హేతుబద్ధీకరణ పేరుతో తరలిపోతాయి. 2022లో 117వ జీవో ప్రకారం 3, 4, 5 తరగతులను దగ్గర్లోని ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు చెలరేగిన గొడవ, తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టడం మీకు గుర్తుండే ఉంటాయి.

ప్రశ్న (గృహిణి, కర్నూలు): మా ఊళ్లో చాలా ఏళ్లు కార్పొరేటర్లే లేరు. దాని వల్ల మాకు పోయిందేమిటి? మా పాప చదివే మునిసిపల్ బడికి ఎంత డబ్బు వస్తుందో తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి?

జవాబు: అవునమ్మా, కర్నూలు నగరపాలక సంస్థకు 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. అనంతపురం, కడప 2014లో ఓటేశాయి, మీరు వేయలేకపోయారు. పురపాలక సంఘం పదవీకాలం ఐదేళ్లు దాటకూడదనీ, గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలనీ రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. ఆ అధికరణానికి మీ ఊళ్లో పట్టిన గతి చూస్తే, మిషిగన్ వాళ్లు కష్టపడి చట్టం చేసుకున్న పనిని మనం చట్టం లేకుండానే చేశామనిపిస్తుంది. నష్టం డబ్బు రూపంలోనూ ఉంది. 14వ ఆర్థిక సంఘం తన గ్రాంట్లను ఎన్నికైన పాలకవర్గాలున్న స్థానిక సంస్థలకే పరిమితం చేసింది. ఇక ప్రత్యేకాధికారుల్లో సమర్థులు లేరని కాదు. అయితే కుళాయిలో నీళ్లు రాని రోజున వీధి మొగదల నిలదీయడానికి కార్పొరేటరు దొరుకుతాడు, కలెక్టరేట్‌లో ఇరవై పనుల మధ్య ఉన్న అధికారి దొరకడు.

బడి సంగతికి వస్తే, మునిసిపల్ బడుల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. కాబట్టి కార్పొరేషన్ కార్యాలయం చుట్టూ తిరిగి ప్రయోజనం తక్కువ. సుద్దముక్కలు, చిన్న మరమ్మతులు, కరెంటు, శుభ్రత వంటి వాటికి సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్ర ఉమ్మడి పథకం కింద ఏటా పాఠశాల గ్రాంటు ఉంటుంది. దానికి లెక్క ఉంది: ముప్పై మంది దాకా ఉంటే 10 వేలు, వంద దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, వెయ్యి దాకా 75 వేలు, ఆపైన లక్ష రూపాయలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి ఖర్చు పెట్టాలి. మీ పాప బడిలో 240 మంది ఉంటే 50 వేలు, ఇంకో పదిహేను మంది చేరితే 75 వేలు. ప్రవేశాల సమయంలో ప్రధానోపాధ్యాయులు ఇంటింటికీ ఎందుకు తిరుగుతారో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. గ్రాంటు ఎప్పుడు జమ అయింది, దేనికి ఖర్చయింది అన్నది కమిటీ సమావేశంలో అడగడం మీ హక్కు. నగదు పుస్తకం, బిల్లులు చూపించమనండి. మొత్తం ఎంత అని మాత్రమే అడిగితే మొత్తమే చెబుతారు, కాబట్టి తేదీల వారీగా అడగండి. చూపకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. మండల స్థాయి కార్యాలయానికైతే రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయి కార్యాలయానికైతే 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోరే సమాచారంలో విద్యా సంవత్సరం, బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య) రెండూ రాయండి. కోడ్ లేకపోతే ఏ బడో తెలియలేదన్న సాకుతో దరఖాస్తు తిరిగి వచ్చే అవకాశం ఉంది.