1991 మియాటాకు టర్బో పెట్టించాలా, 1.8 ఇంజిన్ వేయించాలా?

ప్రశ్న అడిగినవారు కాలిఫోర్నియాలో ఉంటున్నారు. వారి దగ్గర 1991 నాటి మాజ్దా మియాటా (టాప్ తెరుచుకునే రెండు సీట్ల చిన్న కారు) ఉంది, అందులోని 1.6 లీటర్ల ఇంజిన్ ఇప్పటికి 1,70,000 మైళ్ళు తిరిగింది, చేతిలో 6,000 డాలర్లు ఉన్నాయి. ఆ డబ్బుతో, ఉన్న ఇంజిన్‌కే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసి శక్తి పెంచే పరికరం) పెట్టించాలా, లేక తర్వాతి సంవత్సరాల 1.8 ఇంజిన్ తెచ్చి వేయించాలా అన్నది సందేహం. నా జవాబు ముందే చెప్పేస్తాను: 1.8 వేయించండి, టర్బో మాట ఏడాది తర్వాత చూసుకోవచ్చు. ఇలా చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటూ, ఇదే కారుకు ఇదే పనిని తలకిందుల వరుసలో చేసి, ఒక ఇంజిన్‌ను పోగొట్టుకున్నాను.

2017లో నేను కొన్న మియాటా 1992 నాటిది. ఎర్ర రంగు, అంతకు ముందే రెండు చేతులు మారింది, పైకి లేచే హెడ్‌లైట్లలో ఎడమది కుడిదాని కంటే అర క్షణం ఆలస్యంగా లేచేది. కంపెనీ లెక్క ప్రకారం ఆ ఇంజిన్ 116 హార్స్‌పవర్ ఇవ్వాలి. పాతికేళ్ళ తర్వాత అందులో ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. ఏడాది తిరగకముందే, ఎవరో విప్పి అమ్ముతున్న పాత టర్బో కిట్‌ను 1,400 డాలర్లకు తెచ్చుకున్నాను. 1.6 ఇంజిన్‌లో లోపలికి పోయే గాలిని ఒక రెక్క కొలుస్తుంది. గాలి తోపుకు ఆ రెక్క పూర్తిగా తెరుచుకున్న తర్వాత ఇంకెంత గాలి వచ్చినా అది కొలవలేదు, కాబట్టి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకు ఆ సంగతే తెలియదు. ఆ లోటు పూడ్చడానికి పాతకాలపు చౌక కిట్లలో, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెరిగేకొద్దీ ఇంధన ఒత్తిడిని పెంచే రెగ్యులేటర్ ఒకటి పెట్టి, పెట్రోలు ఎలాగోలా ఎక్కువ పోయేలా చేసేవారు. నా కిట్ కూడా ఆ బాపతుదే. దీనికి తోడు, టర్బో లేని రోజుల్లో కాస్త ఊపు కోసం 10 డిగ్రీల దగ్గర ఉండవలసిన ఇగ్నిషన్ టైమింగ్‌ను (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్గు నిప్పురవ్వ వేయాలన్న లెక్కను) 14కు జరిపి పెట్టుకున్నాను. దాన్ని తిరిగి వెనక్కి తేవడం మరచిపోయాను.

కిట్ బిగించిన మూడో వారం, ఆగస్టు నెల, సాయంత్రం ఆరు గంటలైనా ఎండ 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంది. ఆఫీసు నుంచి వస్తూ యూఎస్ 75 రహదారి మీదికి ఎక్కే ర్యాంపులో మూడో గేరులో పూర్తిగా తొక్కాను. బూస్ట్ గేజి ముల్లు 7 పీఎస్‌ఐ దాటింది. టాప్ తెరిచి ఉంది, గాలి హోరులో ఇంకేమీ వినబడదు; అయినా ఒక క్షణం పాటు సీసాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఒక శబ్దం వచ్చింది. అది టర్బో శబ్దమే అనుకుని మురిసిపోయాను. టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే నడిమధ్యన కదలకుండా ఉంది. ఇంటికి చేరి బానెట్ ఎత్తి చూస్తే ఆయిల్ డిప్‌స్టిక్ తన గొట్టంలోంచి రెండు అంగుళాలు పైకి లేచి ఉంది, బానెట్ లోపలి వైపంతా సన్నగా నూనె చిమ్మి ఉంది. ఇంజిన్ అడుగున ఒత్తిడి చేరి డిప్‌స్టిక్‌ను బయటికి తోసిందన్నమాట. మర్నాడు కంప్రెషన్ గేజి (సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతుందో చూపేది) పెట్టి చూస్తే మొదటి మూడు సిలిండర్లు 175, 170, 175 చూపించాయి. నాలుగోది 60 చూపించింది. దాని ప్లగ్గు తీసి చూస్తే, పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు అల్యూమినియం చుక్కలు అంటుకుని ఉన్నాయి.

ఇంజిన్ దించి, హెడ్ తీసి, పిస్టన్లు బయటికి తీశాము. నాలుగో పిస్టన్‌లో మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టులో చిటికెన వేలి గోరంత ముక్క విరిగిపోయి ఉంది. తక్కిన మూడూ చెక్కుచెదరలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా లారీ ఇంజిన్లు దించి ఎక్కిస్తున్న మా మేనమామకు ఆ పిస్టన్‌ను వీడియో కాల్‌లో చూపించాను. ఆయన మియాటాను జన్మలో చూసి ఎరుగరు. "అల్లుడూ, నాలుగింట్లో ఒక్కటే పోయిందంటే దానికి నీళ్ళు అందడం లేదురా, ముందు నీళ్ళ దారి చూడు," అన్నారు. టైమింగ్ తప్పు నాదేనని ఒప్పుకుంటాను. అయితే ఆ తప్పు నాలుగు సిలిండర్లకూ సమానమే కదా, చివరిది ఒక్కటే ఎందుకు పోవాలి? అప్పటి నుంచి నేను మామయ్య పక్షమే. ఎవరైనా కాదంటే, నా అల్మరాలో ఉన్న ఆ పిస్టన్‌ను చూపిస్తాను.

ఆయన అన్న నీళ్ళ దారిలోనే అసలు చిక్కు ఉంది. ఈ ఇంజిన్ జాతి మాజ్దా 323 వంటి ముందు చక్రాల కార్లలో అడ్డంగా కూర్చునేది. ఆ కార్లలో పంపు ఒక చివర నీటిని లోపలికి తోస్తే, హెడ్ రెండో చివరన ఉన్న థర్మోస్టాట్ గుండా అది బయటికి పోయేది, కనుక దారిలో నాలుగు సిలిండర్లనూ తడుపుకుంటూ పోయేది. మియాటాలో ఇంజిన్‌ను నిలువుగా తిప్పి కూర్చోబెట్టినప్పుడు నీరు బయటికి పోయే చోటును కూడా ముందు వైపుకే తెచ్చారు. నీరు ముందు నుంచి వచ్చి, దగ్గరి దారి చూసుకుని, ముందు నుంచే వెళ్ళిపోతుంది. వెనుక గోడకు ఆనుకుని ఉన్న నాలుగో సిలిండర్ వాటాకు తక్కువ చేరుతుంది. మామూలుగా తిరిగేటప్పుడు ఇది ఇబ్బంది పెట్టదు గాని, టర్బో పెట్టి వేసవిలో తొక్కినప్పుడు బయటపడుతుంది. మందు కూడా తెలిసినదే: థర్మోస్టాట్‌ను హెడ్ వెనుకకు మార్చి, ముందు దారిని మూసి, వెనుక నుంచి రేడియేటర్‌కు పొడుగాటి గొట్టం వేయాలి. కారులో ఇంజిన్ ఉండగా ఆ మూలకు చెయ్యి దూరదు, ఇంజిన్ బయట ఉన్నప్పుడైతే గంట పని. ముందు ఇంజిన్ మార్పు, తర్వాత టర్బో అని నేను పట్టుబట్టడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం మీరు ఉంటున్న రాష్ట్రం. ఇక్కడ టెక్సస్‌లో 25 ఏళ్ళు దాటిన కారుకు ఎమిషన్స్ (పొగ) పరీక్ష లేదు, అందుకే నా ఆటలు సాగాయి. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు స్మాగ్ చెక్ అనే ఆ పరీక్ష తప్పదు, కారు ఎంత పాతబడినా మినహాయింపు రాదు. అక్కడ టర్బో కిట్‌కు ఆ రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి, అదీ మీ సంవత్సరపు మోడల్‌కు వర్తించేదై ఉండాలి. ఇంజిన్ మార్పుకు దారి కాస్త సుగమం: కారు తయారైన సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయిన ఇంజిన్‌ను దాని కాలుష్య నియంత్రణ సామగ్రితో సహా వేసి, రెఫరీకి (స్మాగ్ చెక్ తరఫున ప్రత్యేక తనిఖీ చేసేవారికి) చూపించి స్టిక్కర్ వేయించుకోవచ్చు. అందుకని 1994 లేదా 1995 ఇంజిన్ వెతకండి. 1996 నుంచి ఓబీడీ-2 (కాలుష్య లోపాలను కారే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) వచ్చింది కాబట్టి ఆ తర్వాతి ఇంజిన్ తెస్తే ఆ వైరింగు, సెన్సర్లు అన్నీ వెంట రావాలి. ఇంకో మాట, మాకు ఇక్కడ బంకులో 93 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది, మీకు మామూలుగా 91 మించదు. ఆక్టేన్ అంకె పెరిగేకొద్దీ పెట్రోలు నాకింగ్‌ను, అంటే వేళ కాని వేళ పేలడాన్ని, ఎక్కువ తట్టుకుంటుంది; ఆ ర్యాంపులో నేను విన్న గులకరాళ్ళ శబ్దం అదే. నాకింగ్ భయం ఉన్న ఇంజిన్‌కు ఆ రెండు అంకెల తేడా తక్కువేమీ కాదు.

ఈ పాత కార్ల వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయానికి. ప్రతి వీడియో చివరా డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద హార్స్‌పవర్ అంకె చూపించి చప్పట్లు కొడతారు, ఆరు నెలల తర్వాత ఆ కారు ఏ షెడ్డులో పడి ఉందో ఎవరూ చూపించరు. 2004లో మాజ్దా స్వయంగా ఈ కారు రెండో తరానికి టర్బో పెట్టి మాజ్దాస్పీడ్ పేరుతో అమ్మింది. 142 హార్స్‌పవర్‌ను 178కి పెంచడానికి, అంటే కేవలం 36 అదనంగా ఇవ్వడానికి, అంత పెద్ద కంపెనీ క్లచ్, డ్రైవ్‌షాఫ్ట్, డిఫరెన్షియల్ (శక్తిని వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) అన్నీ గట్టివి వేసింది. మనవాళ్ళు మాత్రం పాత 1.6 మీద 100 హార్స్‌పవర్ అదనంగా వేసి, వెనుక చిన్న డిఫరెన్షియల్‌ను అలాగే వదిలేస్తారు. మా ఆటోనగర్ భాషలో చెప్పాలంటే, అది దాని లోపలి క్రౌన్-పినియన్ గేర్ల పళ్ళు రాలగొట్టే పని.

కాబట్టి మీ 6,000లో ఇంజిన్‌కు 1,500కు మించి పెట్టకండి. 1.8 బ్లాకు మీ గేర్‌బాక్స్‌కు నేరుగా కూర్చుంటుంది, కానీ ఫ్లైవీలు, క్లచ్ మాత్రం 1.8వే తీసుకోండి, మీ దానిలో ఉన్నది 200 మిల్లీమీటర్ల ప్లేటు, దీనిది 215. ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందూ వెనుకా సీళ్ళు మార్పించి, పైన చెప్పిన నీళ్ళ దారి సరిచేయించండి. రేడియేటర్ పై తొట్టి నలుపు పోయి గోధుమ రంగుకు తిరిగి ఉంటే దానికి కాలం చెల్లినట్టే. తర్వాత 1.8 డిఫరెన్షియల్, దాని యాక్సిళ్ళు, ప్రొపెల్లర్ షాఫ్టుతో సహా సెట్టుగా తెచ్చుకోండి. ఇంకా డబ్బు మిగిలితే బ్రేకుల మీద పెట్టండి. 128 హార్స్‌పవర్‌తో ఒక వేసవి తిరిగిన తర్వాత, నాకు లాగే మీకూ టర్బో మీద ఆత్రం సగం తగ్గవచ్చు. నేనైతే 1995 ఇంజిన్‌తో ఎనిమిది నెలలు తిరిగి, వైడ్‌బ్యాండ్ గేజి (గాలి, పెట్రోలు పాళ్ళు చూపేది), ప్రోగ్రామ్ చేసుకోగల ఈసీయూ అమర్చుకుని, టైమింగ్ లైటుతో మూడు సార్లు సరిచూసుకున్నాకే మళ్ళీ టర్బో పెట్టాను.

వాడిన ఇంజిన్ అమ్మేవారు చెప్పే మైళ్ళను నమ్మకండి. నేను ఫోన్ చేసిన అయిదుగురూ ఒకే గురువు దగ్గర పాఠం నేర్చినట్టు అరవై వేలే అన్నారు. ఇంజిన్ బల్ల మీద ఉన్నా సరే, స్టార్టరు బిగించి బ్యాటరీతో తిప్పి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ మీ కళ్ళ ముందు చూపించమనండి. కుదరదన్నవారి దగ్గర కొనకండి.

చివరిగా, మీది 1991 అన్నారు గనుక ఈ శనివారమే ఒక పని చేయండి. కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటుతో క్రాంక్ పుల్లీ మధ్య భాగాన్ని చూసి అక్కడున్న గాడులు (చీలికలు) లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే మీది పొడుగు ముక్కు క్రాంకు, పరవాలేదు. నాలుగే ఉంటే అది 1990 నుంచి 1991 మధ్య వరకు వచ్చిన పొట్టి ముక్కు రకం. ఎవరో బెల్టు మార్చి బోల్టును సరిగ్గా బిగించకపోతే అందులో కీ గాడి (పుల్లీ జారకుండా పట్టే చిన్న ముక్క కూర్చునే గాడి) అరిగిపోయి, పుల్లీ ఊగడం మొదలై, టైమింగ్ దానంతటదే తప్పుతుంది. అటువంటి క్రాంకు ఉన్న ఇంజిన్‌కు టర్బో పెట్టాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు. ఎన్ని కనిపించాయో కింద రాయండి.