ఐవీఎం స్పెషలైజేషన్ అంటున్నారు, అమ్మాయిని చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ పూర్తి చేస్తోంది. క్లినికల్ ఎంబ్రియాలజీలో, అంటే ల్యాబ్‌లో అండాలను, పిండాలను చూసుకునే చదువులో, పీజీ చేస్తానంటోంది. పచ్చి అండాలను ల్యాబ్‌లోనే పరిపక్వం చేసే ఐవీఎందే రాబోయే కాలమని, అందులో స్పెషలైజేషన్ ఇస్తామని ఒక సంస్థవాళ్లు చెబుతున్నారు. మామూలు ఐవీఎఫ్ ఎంబ్రియాలజీ మేలా, ఇది మేలా? మెడిసిన్ సీటు ఎలాగూ రాలేదు. ఇందులోనైనా స్థిరపడుతుందా? - ఒక తండ్రి

జవాబు: మీ అసలు టెన్షన్ చివరి రెండు వాక్యాల్లో ఉంది. స్థిరపడుతుందండీ. ఐవీఎఫ్ చేసే ప్రతి చోటా ఎంబ్రియాలజిస్టు కావాలి, పని వచ్చినవాళ్లను ఎవరూ వదులుకోరు. ఇక మెడిసిన్ సీటు మాట ఇంట్లో ఎత్తకండి. మనిషి అండాలు శరీరం బయట కూడా పరిపక్వమవుతాయని 1965లో చూపించిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ డాక్టరు కాదు, శాస్త్రవేత్త. 2010లో వైద్యరంగంలో నోబెల్ అందుకున్నదీ ఆయనే. మీరేమో మీ అమ్మాయి ఓడిపోయి ఇటు వచ్చినట్టు రాశారు.

ఐవీఎం మీద నాకు అనుమానాలున్నాయి. హార్మోన్ ఇంజెక్షన్లు బాగా తగ్గించి, ఒక్కోసారి అసలే లేకుండా, అండాలను పచ్చిగానే తీసి ఒకటి రెండు రోజులు ల్యాబ్‌లో పరిపక్వం చేస్తారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు, క్యాన్సర్ చికిత్స ఆలస్యం చేయలేనివాళ్లకు మంచి దారే. కానీ ఇది నిన్నమొన్నటి వింతేమీ కాదు. 1991 నాటికే కొరియా డాక్టర్లు ఈ పద్ధతిలో పిల్లలు పుట్టారని ప్రకటించారు. 2021లో అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ దీనికున్న 'ప్రయోగాత్మకం' అనే ముద్ర కూడా తీసేసింది. అయినా అంతటా పాకలేదు. ఎందుకంటే తీసిన అండాలన్నీ పక్వం కావు, అయినవాటిలోనూ మంచి పిండాలు తక్కువే వస్తాయి. పైగా ఇంజెక్షన్లతో అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బే సమస్య ఉండేది. అది రాకుండా చూడటమే ఐవీఎంకు పెద్ద బలం. కానీ ట్రిగ్గర్ ఇంజెక్షన్ (అండాలు తీసేముందు వాటిని పక్వం చేయడానికి ఇచ్చేది) మార్చి, పిండాలన్నిటినీ ఫ్రీజ్ చేయడంతో మామూలు ఐవీఎఫ్‌లోనే ఆ ప్రమాదం చాలా తగ్గిపోయింది. బ్రోషర్‌లో ఈ ముక్క ఉండదు.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా: ఎంబ్రియాలజీ మొత్తం నేర్చుకుంటే ఐవీఎం అందులో ఒక భాగంగా వస్తుంది. ఐవీఎం ఒక్కటే నేర్చుకుంటే మిగతాది రాదు.

అమ్మాయిలో చూడాల్సింది ఓపిక. అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. పచ్చిదైతే చుట్టూ కణాలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. సన్నటి పిపెట్‌తో వాటిని ఒలిచి, అంచున చిన్న బుడగలా పోలార్ బాడీ వచ్చిందో లేదో మైక్రోస్కోపులో చూడాలి. వస్తేనే పక్వమైనట్టు. రోజంతా ఇదే పని, సెంటు కూడా పూసుకోకుండా (ఆ ఆవిరి పిండాలకు పడదు). ఇది తనకు నచ్చుతుందో లేదో మీరు కాదు, తనే తేల్చుకోవాలి.

ఫీజు కట్టేముందు ఆ సంస్థను ఒకటే అడగండి: విద్యార్థి చేత సొంతంగా పని చేయిస్తారా? పశువుల్లో ఐవీఎం రోజువారీ వ్యవహారం, కబేళా నుంచి తెచ్చిన అండాశయాలతో ఎంతైనా సాధన చేయించవచ్చు. అదీ లేదు, వీడియోలు చూపిస్తాం అంటే లేచి వచ్చేయండి.