అమెరికాలో డిజేబిలిటీ దరఖాస్తు: డాక్టరు చార్టులో ఏముండాలి?

"డిస్కు జారింది, ఎమ్మారై కూడా ఉంది, డిజేబిలిటీ వస్తుందా?" మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎమ్మారై ఒక్కదానితో రాదు. ఈ వైకల్య భత్యం ఇచ్చేది సోషల్ సెక్యూరిటీ (ఎస్‌ఎస్‌ఏ) అనే ప్రభుత్వ సంస్థ, వాళ్ల నిర్వచనం చాలా కఠినం. జబ్బు కనీసం 12 నెలలు ఉండేదో, ప్రాణం మీదికి తెచ్చేదో అయి ఉండాలి. దానివల్ల మీరు పాత పనే కాదు, వేరే ఏ పనీ నిలకడగా చెయ్యలేని స్థితిలో ఉండాలి. సగం వైకల్యానికి సగం డబ్బు అనే పద్ధతి లేదు. నెల సంపాదన ఒక పరిమితి (2025లో 1,620 డాలర్లు) దాటితే మామూలుగా వైద్య కాగితాల దాకా పోకుండానే ఫైలు మూసేస్తారు. చూపు లేనివారికి ఆ ఏడాది పరిమితి 2,700.

ఐటీ వాళ్లకు ఇక్కడో అదనపు చిక్కుంది. 'సెడెంటరీ' పని అంటే వాళ్ల దృష్టిలో 10 పౌండ్లకు మించి ఎత్తనక్కర్లేనిది, ఎనిమిది గంటల్లో సుమారు ఆరు గంటలు కూర్చుని, రెండు గంటలు నిలబడో నడుస్తూనో చేసేది. అంటే మన ఉద్యోగమే. గోదాములో పనిచేసే 55 ఏళ్ల మనిషి బరువులెత్తలేనని చూపిస్తే వయసు నిబంధనలు ఆయనకు తోడొస్తాయి. 50 లోపు వాళ్లకు ఆ సాయం చాలావరకు ఉండదు. 38 ఏళ్ల ప్రోగ్రామరు ఎక్కువసేపు కూర్చోలేనని గానీ, వేళ్లు కీబోర్డు మీద ఆడవని గానీ, నొప్పివల్లో మందుల మత్తువల్లో డిప్రెషన్‌వల్లో మనసు పనిమీద నిలవదని గానీ చూపించాలి. సేకరించే రుజువులన్నీ ఈ మూడింటి చుట్టూ తిరగాలి.

ముందు మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి. ఎస్‌ఎస్‌డీఐ మన జీతంలోంచి కోసిన సోషల్ సెక్యూరిటీ పన్నుతో నడిచే బీమా. గ్రీన్ కార్డు లేకపోయినా, పని అనుమతితో వచ్చిన సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండి, చట్టబద్ధంగా దేశంలో ఉన్న హెచ్-1బీ వాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 31 నుంచి 42 ఏళ్ల మధ్యవారికి గత పదేళ్లలో 20 క్రెడిట్లు (ఆ పన్ను కట్టిన పనికి వచ్చే పాయింట్లు) కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి, అంటే అయిదేళ్ల పని. వయసు పెరిగేకొద్దీ కావలసిన మొత్తం క్రెడిట్లు 40 దాకా పెరుగుతాయి. ఎఫ్-1 స్టూడెంటు వీసా మీద ఓపీటీ (చదువుకు అనుబంధంగా చేసే ఉద్యోగం) చేస్తున్నప్పుడు ఆ పన్ను కట్టకపోయి ఉంటే (చాలామంది కట్టరు) ఆ కాలం లెక్కలోకి రాదు. భారత్‌తో ఒప్పందం లేదు కనుక అక్కడి పీఎఫ్ సంవత్సరాలూ కలవవు. ఉద్యోగం మానేశాక సుమారు అయిదేళ్లకు ఈ బీమా కాలం తీరిపోతుంది. ఆ తేదీలోగా పని చెయ్యలేని స్థితి వచ్చిందని చూపించలేకపోతే తర్వాత ఎంత జబ్బున్నా ఉపయోగం లేదు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎస్‌ఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే మీ క్రెడిట్లు కనిపిస్తాయి.

గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు ఎస్‌ఎస్‌ఐ (పేదవాళ్లయిన వృద్ధులకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే భత్యం) వస్తుందా అని అడిగేవాళ్లకు జవాబు చిన్నదే: పౌరసత్వం రాకముందు దాదాపు రాదు. పైగా అది ఆస్తి, ఆదాయం చూసి ఇచ్చేది. ఒక్కరికి 2,000 డాలర్లకు మించి ఆస్తి లెక్కకొస్తే కుదరదు. ఉంటున్న ఇల్లు, మామూలుగా ఒక కారు ఆ లెక్కలోకి రావు.

ఎస్‌ఎస్‌డీఐ మొదటి అయిదు పూర్తి నెలలకు ఏమీ ఇవ్వదు. ఆ తర్వాత కూడా మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు మరో 24 నెలలు ఆగాలి. అందుకే కంపెనీ ఇచ్చే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ డిజేబిలిటీ పాలసీలు ముందు చదవండి. రాజీనామా మాత్రం చెయ్యకండి. రాజీనామా ఇచ్చిన రోజుతో పాలసీ పోవచ్చు, హెచ్-1బీ వాళ్లకు స్టేటసూ చిక్కులో పడుతుంది. సెలవు పెట్టండి, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్, హవాయి రాష్ట్రాల్లో తాత్కాలిక వైకల్య భత్యం వేరే ఉంది. కాలిఫోర్నియాలో పని ఆగిన 49 రోజుల్లోగా దరఖాస్తు పడాలి.

ఇక అసలు విషయం, చార్టు, అంటే డాక్టరు మీ గురించి రాసుకునే రికార్డు. సోషల్ సెక్యూరిటీ తరఫున ఫైలు పరిశీలించే రాష్ట్ర కార్యాలయాన్ని డీడీఎస్ అంటారు. అక్కడివాళ్లు మొదటి దశలో మామూలుగా మీ ముఖం చూడరు, చదివేది కాగితాలే. డాక్టరు "హౌ ఆర్ యూ?" అనగానే మనకు అలవాటుగా "గుడ్" అని వచ్చేస్తుంది. అది "పేషెంట్ డూయింగ్ వెల్" అని నోట్స్‌లోకి ఎక్కుతుంది. రెండేళ్లు అలా ఎక్కిన తర్వాత అదే డాక్టరు మంచి ఉత్తరం రాసిచ్చినా, ఉత్తరానికీ నోట్స్‌కీ పొంతన లేదని పక్కన పెడతారు. 2017 మార్చి 27 నుంచి పెట్టిన దరఖాస్తుల్లో సొంత డాక్టరు మాటకు ప్రత్యేక బరువు లేదు. ఆ మాటకు పరీక్షల ఆధారం ఉందా, మిగతా రికార్డులతో కలుస్తోందా అని ముఖ్యంగా చూస్తారు. "ఈయన డిజేబుల్డ్" అని ఒక్క వాక్యం రాయించుకొచ్చేవాళ్లున్నారు. దాన్ని అసలు పరిగణించరు, ఆ నిర్ణయం చేసేది ఏజెన్సీ.

కాబట్టి ప్రతి విజిట్‌లోనూ పనికి సంబంధించిన కొలతలు చెప్పండి. "నొప్పి ఎక్కువగా ఉంది" అనొద్దు. "ఇరవై నిమిషాలు కూర్చుంటే లేవాల్సి వస్తోంది, లేచాక పది నిమిషాలు పడుకుంటే గానీ మళ్లీ కూర్చోలేను, గాబాపెంటిన్ వేసుకున్న మధ్యాహ్నం మీటింగులో మాటలు అందట్లేదు" అని చెప్పండి. మంచి రోజులు, చెడ్డ రోజులు నెలకెన్నో చెప్పండి. పెంచి చెప్పొద్దు, ఫిజికల్ థెరపీ నోట్స్‌లో అది ఇట్టే బయటపడుతుంది. వారం తర్వాత డాక్టరు ఆఫీసు ఆన్‌లైన్ పోర్టల్‌లో నోట్స్ తెరిచి చదవండి. టెంప్లేట్ వల్ల "డినైస్ ఫటీగ్" (అలసట లేదన్నారు) లాంటి తప్పులు పడుతుంటాయి. సవరించమని పోర్టల్‌లోనే రాతపూర్వకంగా అడగండి.

డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నా నలుగురికీ తెలుస్తుందని దాచేవాళ్లు మనలో ఎక్కువ. ఏజెన్సీ అన్ని జబ్బులనూ కలిపి చూడాలి. చార్టులో లేనిది కలపడం కుదరదు.

ఇండియాకు వెళ్లి మూడు నెలలు ఆయుర్వేదం చేయించుకుంటే ఇక్కడి ఫైల్లో అది చికిత్సే లేని మూడు నెలలుగా కనబడుతుంది. అక్కడి డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు వచ్చేముందే తీసుకోండి, తర్వాత ఫోన్ల మీద రాబట్టడం కష్టం. బీమా లేక ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్లలేకపోయినా, ఆ కారణం కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

రికార్డులు అడిగేటప్పుడు "విజిట్ సమ్మరీ" చాలదు. పూర్తి ప్రోగ్రెస్ నోట్స్, స్కాన్ల రాత నివేదికలు, నరాల పరీక్ష ఫలితాలు, ఆపరేషన్ నోట్స్, థెరపీ నోట్స్ అని పేరుపేరునా రాసివ్వండి. చట్టప్రకారం ఆసుపత్రికి 30 రోజుల గడువు, ఒకసారి మరో 30 పొడిగించుకోవచ్చు. ఎస్‌ఎస్‌ఏ-827 అనే అనుమతి ఫారం మీద సంతకం పెడితే డీడీఎస్ వాళ్లే తెప్పిస్తారు గానీ, సగం పేజీలే వస్తుంటాయి. మీ కాపీ మీ దగ్గరుండాలి. దీనికి తోడు స్పెషలిస్టు చేత పని సామర్థ్యపు ఫారం నింపించండి: ఎంతసేపు కూర్చోగలరు, చేతులు ఎంతసేపు వాడగలరు, నెలకెన్ని రోజులు పనికి రాలేరు, వీటికి ఏ పరీక్ష ఆధారం. ఈ ఆఖరి గడి ఖాళీగా వదిలేస్తే ఫారం తేలిపోతుంది.

ఎస్‌ఎస్‌ఏ-3373 అనే రోజువారీ పనుల ఫారంలో మనవాళ్లు పొట్టి జవాబులిచ్చి నష్టపోతారు. "వంట చేస్తారా?" అంటే "మా ఆవిడ చేస్తుంది" అని రాస్తే మీకు చేతకాదని తెలియదు, అలవాటు లేదని తెలుస్తుంది. "కత్తి పట్టుకుంటే వేళ్లు మొద్దుబారుతున్నాయి, అన్నం వేడి చేసుకోవడం వరకే" అని రాయండి. పాత ఉద్యోగాల వివరాలు ఇప్పుడు గత అయిదేళ్లవే అడుగుతారు. డీడీఎస్ వాళ్లు తమ ఖర్చుతో తాము చెప్పిన డాక్టరు దగ్గరికి పంపితే తప్పకుండా వెళ్లండి. సరైన కారణం లేకుండా మానేస్తే అదొక్కటే తిరస్కరించడానికి చాలు.

మొదటిసారి ఎక్కువమందికి "కాదు" అనే వస్తుంది. అప్పుడు కొత్త దరఖాస్తు పెట్టకండి, పాత తేదీతో రావలసిన బకాయి పోవచ్చు. 60 రోజుల్లో పునఃపరిశీలన అడగాలి, ఉత్తరం అందడానికి మరో అయిదు రోజులు కలుపుతారు. అక్కడా కాదంటే జడ్జి ముందు విచారణ. ఆ దశకు లాయరు ఉంటే మంచిది. మామూలు ఒప్పందంలో గెలిస్తేనే ఫీజు, అదీ బకాయిలో 25 శాతం, ఒక పరిమితి (2025లో 9,200 డాలర్లు) దాటకుండా. కొత్త రుజువులేవైనా విచారణకు అయిదు పనిదినాల ముందే ఇవ్వాలి, లేదా ఫలానాది రావలసి ఉందని రాతపూర్వకంగా చెప్పాలి. దుబాసీని ఎస్‌ఎస్‌ఏనే ఉచితంగా ఇస్తుంది. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు కావాలని విచారణ తేదీ ఖాయమయ్యేలోపే అడగండి.